అంతర పంట ఎవరికి అదనపు ఆదాయం? తోటల లెక్కల్లో కనిపించని శ్రమ

ఉద్యాన శాఖ కరపత్రం ఏది తీసుకున్నా అంతర పంట గురించి ఒకటే మాట ఉంటుంది: తోట కాపుకొచ్చేదాకా చెట్ల మధ్య ఖాళీ స్థలంలో స్వల్పకాలిక పంటలు వేసుకుంటే రైతుకు అదనపు ఆదాయం. భూమీ చెట్లూ తనవే అయిన రైతు విషయంలో ఈ మాటలో తప్పేమీ లేదు. కానీ రాయలసీమలో మేము తిరిగిన ఊళ్లలో మామిడి, చీనీ తోటల మధ్య వేరుశనగ, అలసంద, ఉలవ వేసేవాళ్లందరూ తోట యజమానులు కాదు. భూమి ఒకరిది, చెట్టూ వాళ్లదే. సాళ్లు మాత్రం మాల, మాదిగ కుటుంబాలవి, అవి కూడా నాలుగైదేళ్లకే. ఆ కుటుంబాల వైపు నుంచి చూస్తే అంతర పంట అదనపు ఆదాయం కాదు, వేరొకరి చెట్టును పెంచినందుకు దక్కే కూలి. ఆ కూలి ఏ లెక్కలోనూ కూలిగా నమోదు కాదు. ఎందుకు కాదో, దానివల్ల ఎవరికి ఏం పోతోందో ఈ వ్యాసంలో చెప్పే ప్రయత్నం చేస్తాం.

ఖాళీ ఎంత, ఎన్నాళ్లు

ముందు స్థలం లెక్క చూద్దాం. మామిడిని పాత పద్ధతిలో పది మీటర్ల ఎడంతో నాటుతారు. ఒక్కో చెట్టుకు 100 చదరపు మీటర్లు, ఎకరాకు 40 చెట్లు. అంటు నాటిన ఏడాది దానికి కావాల్సింది చుట్టూ మీటరు దూరం పాదు, అంటే సుమారు మూడు చదరపు మీటర్లు. మిగతా 97 మీటర్లూ ఖాళీయే. అయితే ప్రతి పాదు చుట్టూ నాగలిని మెలికలు తిప్పలేం కాబట్టి వరస పొడవునా ఇటు మీటరు, అటు మీటరు వదిలేసి మధ్యలో దున్నుతారు. అప్పుడు పది మీటర్లలో ఎనిమిది మీటర్లు, అంటే 80 శాతం భూమి పంటకు దొరుకుతుంది. కొమ్మలు సాగాక ఇరువైపులా రెండేసి మీటర్లు వదిలితే 60 శాతం, మూడేసి వదిలితే 40 శాతం. ఆ తర్వాత నీడ కింద వేరుశనగ వేయడం దండగ.

మామిడి నాలుగో, ఐదో ఏట కాపు మొదలుపెడుతుంది. చెప్పుకోదగ్గ దిగుబడి రావాలంటే ఎనిమిది, పదేళ్లు పడుతుంది. అక్కడి నుంచి కొన్ని దశాబ్దాలు కాస్తూనే ఉంటుంది. చీనీ కాస్త తొందర, అయినా నాలుగైదేళ్లు ఆగాల్సిందే. గుంతలు, అంట్లు, కంచె, బోరు, డ్రిప్పు ఖర్చులన్నీ మొదట్లోనే పడతాయి. చేతికి డబ్బు వచ్చేది తర్వాతెప్పుడో. కాబట్టి తోట పెట్టాలంటే భూమి ఉంటే చాలదు, ఆగగలగాలి. ఉద్యోగం జీతమో, కాంట్రాక్టు డబ్బో, ఇంకోచోట మాగాణో ఉన్నవాళ్లు ఆగగలరు. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో సగటు కమతం 1.08 హెక్టార్లు, షెడ్యూల్డ్ కులాల వాళ్ల కమతం 0.78 హెక్టార్లు. రెండెకరాలు కూడా నిండని ఆ భూమిని ఐదేళ్లపాటు చెట్లకు అప్పగించి ఒక కుటుంబం ఏం తిని బతుకుతుంది?

1918లో అంబేద్కర్ భారతదేశంలోని చిన్న కమతాల మీద ఒక వ్యాసం రాశారు. కమతం చిన్నదా పెద్దదా అన్నది ఎకరాల్లో కొలిచి తేల్చేది కాదనీ, దాని మీద పెట్టగలిగే పెట్టుబడి, శ్రమ ఏ పాళ్లలో ఉన్నాయన్నదాన్ని బట్టే అది గిట్టుబాటు కమతమో కాదో తేలుతుందనీ అందులో వాదించారు. తోటలకు ఈ వాదన నేరుగా వర్తిస్తుంది. దళిత కుటుంబం చేతిలోని రెండెకరాలు తోటకు చాలకపోవడానికి కారణం వైశాల్యం కాదు, ఐదేళ్లు ఆగడానికి కావాల్సిన డబ్బు లేకపోవడం. అంతర పంట చేసే పని ఆ డబ్బు స్థానంలో శ్రమను పెట్టడం. అందుకే అంతర పంట ఆర్థికం అంటే ప్రధానంగా ఆ ఐదేళ్ల ఆర్థికం. ఆ ఐదేళ్లను ఎవరి శ్రమతో నెట్టుకొచ్చారు, ఆరో ఏటి నుంచి వచ్చే కాయ ఎవరిది అన్న రెండు ప్రశ్నలకూ ఒకే పేరు జవాబుగా వస్తే కరపత్రం చెప్పింది నిజమే. వేర్వేరు పేర్లు వస్తే అది ఇంకో కథ.

ఏం వేయాలన్నదాని మీద పెద్ద వివాదం లేదు. పొట్టిగా ఉండి, మూడు నాలుగు నెలల్లో చేతికొచ్చే పప్పుజాతి పంటలు మేలు: వేరుశనగ, అలసంద, పెసర, మినుము, ఉలవ. జొన్న, మొక్కజొన్న, చెరకు లాంటి ఎత్తు పంటలు లేత మొక్కకు ఎండ తగలనివ్వవు, నీటికీ ఎరువుకూ పోటీపడతాయి. పప్పుజాతి వేళ్ల బుడిపెలు గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తాయి కాబట్టి చెట్టుకూ మేలంటారు. ఇక్కడ ఒక చిన్న మెలిక ఉంది. వేరుశనగను కాయతో సహా పీకి, కట్టెను పశువులకు తీసుకెళ్లిపోతే ఆ నత్రజనిలో చాలా భాగం చేను దాటిపోతుంది. కట్టె తోటలోనే కుళ్లితే నేలకు లాభం. పశువు మేస్తే ఆ పశువు ఎవరిదో వాళ్లకు లాభం. కోరు ఒప్పందాల్లో కాయ సగం సగం పంచుకున్నా కట్టె ఎవరికన్నది చాలాసార్లు నోటి మాట మీదే నడుస్తుంది, ఎవరి మాట నెగ్గుతుందో చెప్పనక్కర్లేదు.

రెండు ఖాతాల మధ్య జారిపోయే కూలి

మేము విన్న ఒప్పందాలు స్థూలంగా మూడు రకాలు. ఒకటి గుత్త, ఏడాదికి ఇంత అని డబ్బు. రెండోది కోరు, పంటలో వాటా. మూడోదానికి ప్రత్యేకంగా పేరు లేదు. 'భూమి ఊరికే ఇచ్చినాం, చెట్లు చూసుకుంటే చాలు' అంటారు. లేత తోటల్లో మేము ఎక్కువగా విన్నది ఈ మూడోదే, కొన్నిచోట్ల కోరుతో కలిపి. చెట్లు చూసుకోవడం అంటే పాదులు తీయడం, ఎండాకాలం నీళ్లు పోయడం, చచ్చిన మొక్క స్థానంలో కొత్తది నాటడం, పాదుల్లో కలుపు తీయడం, మేకలు రాకుండా కాపలా. కొన్ని ఇళ్లలో రాత్రి కాపలా కూడా.

ఈ పని లెక్కలోకి ఎలా రాదో చూద్దాం. వ్యవసాయ ఖర్చులు, ధరల కమిషన్ పంట ఖర్చును మెట్లుమెట్లుగా లెక్కిస్తుంది. రైతు చేతి నుంచి డబ్బుగానో వస్తువుగానో వెళ్లిన ఖర్చు, కట్టిన కౌలుతో సహా, ఏ2. దానికి ఇంటిల్లిపాది చేసిన శ్రమకు విలువ కడితే ఏ2+ఎఫ్‌ఎల్. సొంత భూమికి అద్దె, సొంత పెట్టుబడికి వడ్డీ కూడా కట్టి కలిపితే సీ2. స్వామినాథన్ కమిషన్ సిఫారసు మీద జరిగిన రైతు ఉద్యమాల వల్ల ఈ పేర్లు మనందరికీ పరిచయమే.

ఇప్పుడు తోటలోని వేరుశనగకు ఖర్చు పట్టిక రాద్దాం. విత్తనం, దుక్కి, కలుపు, కాయ వలుపు. కౌలు దగ్గర సున్నా, ఎందుకంటే భూమి ఊరికే ఇచ్చారు. కుటుంబ శ్రమ దగ్గర వేరుశనగకు చేసిన పని మాత్రమే రాస్తాం. మామిడి మొక్కకు నీళ్లు పోసిన రోజు వేరుశనగ ఖర్చు కాదు కదా. అందుకే పట్టికలో వేరుశనగ మంచి లాభసాటిగా కనిపిస్తుంది. తర్వాత తోటకు పట్టిక రాద్దాం. అంట్లు, గుంతలు, కంచె, డ్రిప్పు. నిర్వహణ కూలి దగ్గర మళ్లీ సున్నా, యజమాని ఎవరికీ డబ్బు ఇవ్వలేదు కాబట్టి. తోట కూడా లాభసాటే. రెండు పట్టికల్లోనూ రాబడి–ఖర్చు నిష్పత్తి బాగుంటుంది. కౌలుదారు కుటుంబం చెట్ల మీద చేసిన పని మాత్రం ఒక పట్టిక నుంచి జారి రెండోదానిలో పడకుండా మధ్యలోనే మాయమైపోతుంది.

దానికి ఒక అంకె పెట్టి చూద్దాం. ఇది సర్వే అంకె కాదు, విషయం అర్థం కావడానికి మేము వేసిన ఊహ లెక్క. ఐదెకరాల లేత తోట, 200 మొక్కలు. కుటుంబం ఏడాదికి 40 పనిదినాలు చెట్ల కోసమే పెట్టింది అనుకుందాం. 2024-25లో రెండు తెలుగు రాష్ట్రాల్లో ఉపాధి హామీ రోజు కూలి 300 రూపాయలు. ఆ లెక్కన ఏడాదికి 12,000, ఐదేళ్లకు 60,000 రూపాయలు. 'ఊరికే ఇచ్చిన' భూమికి ఇది ఎకరానికి ఏటా 2,400 రూపాయల కౌలు. పని 40 రోజులు కాదు, 60 రోజులు అయితే 3,600.

ఈ కౌలుకు ఒక విచిత్ర లక్షణం ఉంది. మామూలు కోరులో పంట పోతే వాటా కూడా పోతుంది, నష్టంలో సగం యజమాని మీద పడుతుంది. గుత్తలో పంట పోయినా అంతే కట్టాలి, కానీ పెరగదు. చెట్ల చాకిరీగా కట్టే కౌలు మాత్రం కరువు ఏడాది పెరుగుతుంది. వాన లేక వేరుశనగ ఎండిన సంవత్సరమే మొక్కలకు ఎక్కువసార్లు నీళ్లు మోయాలి. చేతికి ఏమీ రాని ఏడాదే ఎక్కువ కౌలు కట్టడం అన్నమాట. అనంతపురం లాంటి జిల్లాలో, ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల దగ్గర ఉండే చోట, ఇలాంటి ఏళ్లు ఎంత తరచుగా వస్తాయో ఆ ప్రాంతం వాళ్లకు చెప్పాల్సిన పని లేదు.

ఈ శ్రమలో ఎక్కువ భాగం ఆడవాళ్లది. పాదుల్లో కలుపు, బిందెలతో నీళ్లు, కాయ వలుపు వాళ్ల పనే. ఒప్పందం జరిగేటప్పుడు మాత్రం మొగుడి పేరే వినిపిస్తుంది. రెండు పట్టికల మధ్య జారిపోయే శ్రమ అన్నాం కదా, ఆ జారిపోయేదానిలో కూడా వీళ్ల భాగం ముందే జారిపోయి ఉంటుంది.

అంతర పంటల పరిశోధనల్లో తరచూ కనిపించే కొలమానం ఇంకొకటుంది, ల్యాండ్ ఈక్వివలెంట్ రేషియో. రెండు పంటలు కలిపి ఒక ఎకరంలో తీసిన దిగుబడిని విడివిడిగా తీయాలంటే ఎన్ని ఎకరాలు కావాలో అది చెబుతుంది. 1.4 వచ్చిందంటే కలిపి వేయడం వల్ల 40 సెంట్ల భూమి మిగిలినట్టు. మంచి కొలమానమే. మిగిలిన ఆ 40 సెంట్లు ఎవరికి మిగిలాయన్నది మాత్రం అందులో ఉండదు.

నీళ్ల దగ్గర తేలే సంగతి

చెట్టుకూ పంటకూ పోటీ అంటే వేళ్ల పోటీ, నీడ పోటీ గురించే చెబుతారు. కాపుకొచ్చిన తోటలో అసలు పేచీ నీళ్ల వేళల దగ్గర వస్తుంది. మామిడికి పూత బాగా రావాలంటే పూతకు ముందు రెండు మూడు నెలలు నీళ్లు ఆపాలి. మన దగ్గర డిసెంబరు, జనవరిల్లో పూత కాబట్టి వానాకాలం అయ్యాక తోటను ఎండగట్టాలి. చీనీలో కూడా ఒక కాపు కోసం చెట్టును వాడగొట్టి తర్వాత తడి ఇస్తారు. ఖరీఫులో వానకు పండే వేరుశనగతో దీనికి పేచీ లేదు. అదే రబీలో టమాటానో కూరగాయలో వేసిన కౌలుదారుకు సరిగ్గా ఆ నెలల్లోనే నీళ్లు కావాలి. మీటరు దూరంలో ఒకరి చెట్టు ఎండాలి, ఇంకొకరి మొక్క తడవాలి. బోరు స్విచ్ ఎవరి చేతిలో ఉంటే వాళ్ల పంట నిలుస్తుంది.

డ్రిప్పు దీన్ని ఇంకో రకంగా మార్చింది. డ్రిప్పు నీళ్లను చెట్టు మొదలుకే చేరుస్తుంది, సాళ్లకు ఏమీ రాదు. సాగునీరు పారించే రోజుల్లో చెట్టుకు పెట్టిన తడిలో కొంత పక్కనున్న పంటకూ అందేది. నీటి పొదుపు కోణంలో డ్రిప్పు మంచిదే, ఆ వాదన మాది కాదు. కానీ పొదుపు చేసిన నీళ్లలో అంతర పంట వేసే మనిషికి వాటా ఎంతో డిజైన్ గీసేటప్పుడే తేలిపోతుంది. పంటకు విడిగా పైపులు వేయించుకోవాలంటే రాయితీకి పట్టాదారు పాసు పుస్తకం కావాలి.

ఇది కొత్త ఏర్పాటు కాదు

లేత చెట్ల మధ్య భూమిలేని వాళ్ల చేత పంటలు వేయించి, ఆ సాకుతో చెట్లను ఖర్చు లేకుండా పెంచుకోవడానికి ఒక చరిత్ర ఉంది. 1856లో బర్మాలో, మన ఉత్తరాంధ్ర తాతలు 'రంగం' అని పిలిచిన ఆ దేశంలో, పెగూ టేకు అడవుల అధికారిగా డైట్రిచ్ బ్రాండిస్ వచ్చాడు. కొండల మీద పోడు చేసుకునే కరెన్ తెగ వాళ్లను శత్రువులుగా చూడడం మాని వాళ్ల చేతనే టేకు నాటించే పద్ధతి ఆయన హయాంలో స్థిరపడింది. పోడులో వరి వేసుకోండి, దాని మధ్య టేకు నాటండి, రెండు మూడేళ్లు మొక్కలను కాపాడండి, తర్వాత వేరే చోటికి వెళ్లండి. కొండ పోడుకు బర్మా మాట 'టాంగ్యా'. అదే ఆ పద్ధతికి పేరయింది, అటవీశాస్త్ర పుస్తకాల్లో ఇప్పటికీ ఉంది.

ఆ పద్ధతి ఉత్తర భారతానికి కూడా వచ్చింది. ఉత్తరప్రదేశ్‌లోని గోరఖ్‌పూర్, మహారాజ్‌గంజ్ ప్రాంతాల్లో భూమిలేని పేద కులాల కుటుంబాలను అడవి నాటడానికి తీసుకెళ్లారు. చెట్ల మధ్య ఖాళీలో పండించుకున్నదే వాళ్ల కూలి. చెట్టు నీడ కమ్మగానే ఇంకో చోటికి. వాళ్లను ఈ రోజుకీ వన్‌టాంగియాలు అంటారు, చేసిన పని పేరే జాతి పేరయిపోయింది. వాళ్ల పల్లెలకు రెవెన్యూ గ్రామాలుగా గుర్తింపు మొదలైంది 2017లో. అప్పటిదాకా ప్రభుత్వ లెక్కలో అవి ఊళ్లే కాదు. మూడు తరాల మనుషులు పెంచిన అడవికి రికార్డు ఉంది, పెంచిన వాళ్లకు లేదు.

ఇదే ఖాళీ స్థలం కేరళలో వేరే రకంగా పనిచేస్తుంది. ఎర్నాకుళం జిల్లా వాళక్కుళం చుట్టుపక్కల రబ్బరు తోటలను తిరగ నాటినప్పుడు మొదటి మూడు నాలుగేళ్లు వరసల మధ్య అనాస వేస్తారు. చాలా చోట్ల వేసేది తోట యజమాని కాదు, కౌలుకు తీసుకున్న అనాస సాగుదారు. కౌలు డబ్బు కడతాడు, లేదా భూమి చదును చేసి రబ్బరు మొక్కలు నాటించే ఖర్చు భరిస్తాడు. గడువు ముందే తేలిపోతుంది, చెట్టుకు పెట్టిన ఖర్చు బేరంలో ఒక అంకెగా ఉంటుంది. వేరుశనగ సాళ్లకూ అనాస సాళ్లకూ మధ్య వ్యవసాయ శాస్త్రం పరంగా పెద్ద తేడా లేదు. తేడా కౌలుదారు ఎవరన్న దగ్గర ఉంది. వాళక్కుళంలో కౌలుదారు పెట్టుబడి ఉన్న వ్యాపారి. మన దగ్గర పొద్దున లేస్తే అదే యజమాని ఇంటి దగ్గర కూలి పని అడగాల్సిన మనిషి.

చెట్టు దళితుల భూమిలో ఉంటే

ఇప్పటిదాకా వేరొకరి తోటలో దళితుల పంట గురించి మాట్లాడాం. దీనికి తలకిందులైన సంగతి కూడా ఉంది, దళితుల భూమిలో వేరొకరి చెట్లు. బీడుగా ఉన్న డి పట్టా భూమిని, బోరు వేసే స్తోమత లేక, పిల్లల చదువుకో పెళ్లికో తెచ్చిన అప్పు కింద ఒక కుటుంబం గుత్తకు ఇస్తుంది. తీసుకున్న వాళ్లు అందులో మామిడి నాటుతారు. ఏడాది ఒప్పందం మీద నలభై ఏళ్ల చెట్టు. ఐదేళ్ల తర్వాత భూమి అడిగితే 'చెట్లకు పెట్టిన ఖర్చు ఇచ్చి తీసుకో' అంటారు. ఆ ఖర్చు ఇవ్వగలిగిన కుటుంబమైతే ముందు భూమే ఇచ్చి ఉండేది కాదు. ఇక్కడ చెట్టు పంట కాదు, ఆక్రమణకు పాతిన గుంజ.

9/77 చట్టం, అంటే 1977 నాటి అసైన్డ్ భూముల అన్యాక్రాంత నిషేధ చట్టం, అమ్మకాన్ని మాత్రమే నిషేధించలేదు. తాకట్టు, దానం, మార్పిడితో పాటు కౌలు కూడా ఆ చట్టం చెప్పే 'బదిలీ' నిర్వచనంలోనే ఉంది. అలా పోయిన భూమి నుంచి ఆక్రమణదారును ఖాళీ చేయించి అసైనీకో వారసులకో తిరిగి ఇప్పించే అధికారాన్ని అదే చట్టం కలెక్టరుకు ఇచ్చింది. ఆ చట్టం అమలు ఎలా ఉందో మనకు తెలియని విషయం కాదు. 2023లో ఆంధ్రప్రదేశ్‌లో చేసిన సవరణ అసైన్ చేసి 20 ఏళ్లు దాటిన భూములను అమ్ముకునే వీలు కల్పించింది. హక్కు విస్తరించిందని కొందరు, భూమి జారిపోయే దారి చట్టబద్ధమైందని కొందరు అన్నారు. రెండో వాదనే నిజానికి దగ్గరగా ఉందని మా అభిప్రాయం, కనీసం వేరొకరి చెట్లు ఇప్పటికే నిలబడి ఉన్న భూముల విషయంలో. అలాంటి భూమిని మార్కెట్లో కొనేవాడు ఒక్కడే ఉంటాడు, చెట్లు నాటినవాడు.

మరి తమ భూమిలో తామే తోట పెట్టుకున్న దళిత కుటుంబాలు లేవా? ఉన్నాయి, వాళ్ల లెక్క చూస్తేనే పై లెక్క ఎంత అన్యాయమో తెలుస్తుంది. 2005 ఉపాధి హామీ చట్టం మొదటి షెడ్యూలు వ్యక్తిగత భూముల్లో పనులకు ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు, భూసంస్కరణల లబ్ధిదారులకు ముందు వరసలో చోటిచ్చింది, తోటల పెంపకం ఆ పనుల్లో ఒకటి. గుంత తీసినందుకు, మొక్క నాటినందుకు, నీళ్లు పోసినందుకు ఆ కుటుంబానికే మస్టరు మీద కూలి. యజమాని తోటలో సున్నాగా ఉన్న పని ఇక్కడ రూపాయిల్లో కనిపించింది. సాళ్లలో వేరుశనగ వాళ్లదే, కాయ కూడా వాళ్లదే. ఇందులోనూ సమస్యలు తక్కువేం కాదు. కూలి నెలల తరబడి ఆలస్యమయ్యేది, కంచె లేక మేకలు మేసేవి, మొక్కలకు నీళ్లు పోయాల్సిన ఎండాకాలంలోనే కుటుంబం బెంగళూరు వలసపోయేది. అయినా ఒక విషయం ఈ అనుభవం రుజువు చేసింది: చెట్టును పెంచే శ్రమకు విలువ కట్టడం సాధ్యమే, ప్రభుత్వం ఆ పని చేసి చూపించింది.

ఎడం తగ్గితే

ఇటీవలి మార్పు ఒకటి ఈ మొత్తం ఏర్పాటును కుదిస్తోంది. 2005-06లో మొదలైన జాతీయ ఉద్యాన మిషన్, 2014-15 నుంచి దాన్ని కలుపుకున్న సమగ్ర ఉద్యాన మిషన్, తోటలను దగ్గరగా నాటడాన్ని ప్రోత్సహిస్తున్నాయి. ఐదు మీటర్ల ఎడంతో నాటితే ఎకరాకు 160 మామిడి చెట్లు. ఇరువైపులా మీటరేసి వదిలితే మొదటి ఏడాదే పంటకు దొరికేది 60 శాతం. మీటరున్నర చొప్పున వదలాల్సి వచ్చేసరికి 40 శాతం, రెండేసి మీటర్లకు 20 శాతం. పది మీటర్ల తోటలో ఏడెనిమిదేళ్లకు వచ్చే పరిస్థితి ఇక్కడ మూడు నాలుగేళ్లకే వస్తుంది. మూడు మీటర్లకు రెండు మీటర్ల అతి సాంద్ర పద్ధతిలో ఎకరాకు 670కి పైగా చెట్లు పడతాయి, అక్కడ అంతర పంట అన్న మాటే లేదు.

యజమానికి ఇది దిగుబడి పెరుగుదల. కౌలుదారుకు రెండు విధాల దెబ్బ. సాళ్లు తగ్గాయి, చూసుకోవాల్సిన చెట్లు నాలుగింతలయ్యాయి. 'చెట్లు చూసుకుంటే చాలు' అన్న మాట మాత్రం మారలేదు. ఐదెకరాలకు 200 మొక్కలని పైన వేసిన లెక్కను 800 మొక్కలకు వేసి చూడండి. డ్రిప్పు ఉంటే నీళ్లు మోసే పని తగ్గుతుంది, నిజమే. పాదులు, కలుపు, కాపలా తగ్గవు.

నీడ కమ్మిన తోటలో పసుపు, అల్లం వేయవచ్చని సలహాలున్నాయి. నీడను అవి కొంత ఓర్చుకుంటాయి కూడా. కానీ పసుపుకు ఎకరానికి దాదాపు టన్ను విత్తన దుంపలు కావాలి. ఆ పెట్టుబడి ఉన్న మనిషి ఈ వ్యాసంలో మనం మాట్లాడుకుంటున్న మనిషి కాదు.

ఒకే కాయ మీద ఆధారపడిన తోట యజమానికీ అంతర పంట అవసరమేనన్నది 2025 వేసవిలో చిత్తూరు తోతాపురి రైతులు చూశారు. ధర పడిపోయి, గుజ్జు ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు ఇవ్వాలనీ, ప్రభుత్వం 4 రూపాయలు కలుపుతుందనీ ప్రకటించాల్సి వచ్చింది. అలాంటి ఏడాది సాళ్లలో ఉలవో అలసందో ఉన్నవాడు కాస్త నిలదొక్కుకుంటాడు. అంటే తోట యజమాని బీమా లాంటి రక్షణను కూడా కౌలుదారు శ్రమ నుంచే పొందుతున్నాడు. ఇలాంటి సాయం ప్రకటించిన ప్రతిసారీ డబ్బు చేరేది రికార్డులో పేరున్నవాళ్లకు.

రికార్డులో పేరు

రికార్డు సంగతి చెప్పకుండా ఈ చర్చ పూర్తికాదు. 2011లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ తెచ్చిన అధీకృత సాగుదారుల చట్టం కింద కౌలుదారు తానే దరఖాస్తు చేసుకుని రుణ అర్హత కార్డు పొందవచ్చు. 2019లో ఆంధ్రప్రదేశ్ దాని స్థానంలో తెచ్చిన పంట సాగుదారు హక్కుల చట్టంలో యజమాని సంతకం తప్పనిసరి అయింది, ఒప్పందం గడువు 11 నెలలు. ఒక పంట వేసే మాగాణి కౌలుకు 11 నెలలు సరిపోవచ్చు. తోటలో సాళ్లు దొరికేది నాలుగైదేళ్లు, అంటే నాలుగైదు సార్లు సంతకం అడగాలి. చెట్లు బాగా పెరిగిన ఏడాది సంతకం దొరకదు. ఎంత బాగా చూసుకుంటే అంత తొందరగా నీడ కమ్ముతుంది, అంత తొందరగా ఖాళీ చేయాలి.

కాబట్టి కౌలు రైతుల కోసం పనిచేసే సంఘాలు తోట ఒప్పందాలను మాగాణి ఒప్పందాలతో కలిపి చూడకూడదని మా అభిప్రాయం. కాగితం మీద మొక్కల మధ్య దూరం, నాటిన సంవత్సరం ఉండాలి. 'చెట్లు పెరిగేదాకా' అని కాకుండా సంవత్సరాల గడువు ఉండాలి. చెట్ల పనికి రోజుల లెక్కన విడిగా కూలి, అది కుదరదంటే మొదటి రెండు మూడు కాపుల్లో వాటా అడగాలి. నీళ్లు ఆపే నెలలు ఏవో ముందే రాసుకోవాలి. కట్టె ఎవరిదో రాసుకోవాలి. భార్య పేరు కూడా ఒప్పందంలో ఉండాలి. ఇవన్నీ ఒకేసారి ఒప్పుకునే యజమాని ఉండడు, మాకు ఆ భ్రమ లేదు. వాళక్కుళంలో వ్యాపారికి సాధ్యమైనవి ఇక్కడ విడివిడిగా ఒక్కో కుటుంబం అడిగితే దొరకవు. ఊళ్లో సాళ్లు చేసే కుటుంబాలన్నీ ఒకే మాట మీద ఉన్నచోట కనీసం గడువు వరకు సాధించుకోవచ్చు. ఎందుకంటే లేత తోటకు మొదటి రెండేళ్లు మనిషి లేకపోతే పోయేది యజమాని అంట్లే.

విద్యార్థులకు ఒక మాట. గ్రామ సర్వేలకు వెళ్లేటప్పుడు మీ ప్రశ్నావళిలో అంతర పంట దిగుబడి, ధర గురించిన ప్రశ్నలు ఎలాగూ ఉంటాయి. వాటి పక్కన రెండు ప్రశ్నలు చేర్చండి: ఈ ఏడాది చెట్ల కోసం ఇంట్లో ఎవరెవరు ఎన్ని రోజులు పనిచేశారు, కరువు వచ్చిన ఏడాది ఎన్ని రోజులు. జవాబును ఇంటి యజమానిని కాకుండా ఆ పని చేసిన ఆడమనిషినే అడిగి రాసుకోండి.